చలికాలంలో బైక్ మీద వెచ్చగా వెళ్ళడం ఎలా? లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు మొదలైతే చాలు, శనివారం అర్ధరాత్రి దాటాక మా నర్సీపట్నంలో బళ్ళ చప్పుడు ఆగదు. విశాఖ నుంచి, అనకాపల్లి నుంచి, కాకినాడ నుంచి కుర్రాళ్ళు గుంపులుగా లంబసింగి మంచు చూడ్డానికి వస్తారు. సగం మందికి ఒంటి మీద టీషర్టు, దానిపైన ఒక హుడీ, అంతే. ఘాట్ కింద టీ తాగుతూ ‘ఇదేం చలి’ అని నవ్వుతారు. పైకెళ్ళాక వాళ్ళే బండి సైలెన్సర్ చుట్టూ గొంతుక్కూర్చుంటారు. ఈ రోడ్డు మీద చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను కాబట్టి చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఏటా ఫోన్ చేసి నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. అరకు, పాడేరు, వంజంగి వెళ్ళేవాళ్ళకీ, ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున బండి తీసేవాళ్ళకీ కూడా ఇవే జవాబులు పనికొస్తాయి.

మన ఆంధ్రాలోనే కదా, అక్కడ అంత చలేంటి?

లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికితోడు చుట్టూ కొండలు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తొందరగా చల్లారిపోతుంది, ఆ చల్లటి గాలి బరువుగా ఉంటుంది కాబట్టి వాలు వెంట జారి లోయలో నిలబడిపోతుంది. అందుకే ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 కంటే తక్కువకు దిగడం అక్కడ మామూలే. లంబసింగి ఉన్నది చింతపల్లి మండలంలోనే. టీవీలో ‘చింతపల్లిలో 5 డిగ్రీలు’ అని చెప్పేది చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తీసిన లెక్క. నర్సీపట్నం నుంచి లంబసింగి 30 కిలోమీటర్లు. అంటే గంట ప్రయాణంలో మీ ఒంటికి రెండు వాతావరణాలు తగులుతాయి. కింద వేసుకున్న బట్టలు కిందకే సరిపోతాయి.

అక్కడ స్నో పడుతుందా?

పడదు. మన భాషలో మంచు అన్న ఒక్క మాటే పొగమంచుకీ, రాలే మంచుకీ, హిమాలయాల మీదుండే మంచుకీ వాడతాం కాబట్టి ఈ గందరగోళం. లంబసింగిలో ఉండేది పొగమంచు. బాగా చలి పడిన తెల్లవారుజామున గడ్డి మీద, బండి సీటు మీద తెల్లగా పేరుకున్న పొర కనిపించవచ్చు. స్నో ఫొటోల కోసం మాత్రం రాకండి.

వాతావరణ సూచనలో 10 డిగ్రీలని ఉంది. 10 డిగ్రీలకే బైక్ మీద అంత వణుకు ఎందుకొస్తుంది?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు అర్థమైతే మిగతావి సగం అర్థమైనట్టే.

మన ఒంటి చుట్టూ ఎప్పుడూ ఒక పల్చటి వెచ్చని గాలి పొర ఉంటుంది. ఒళ్ళే దాన్ని వేడి చేసుకుంటుంది. కదలకుండా నిలబడితే ఆ పొర అలాగే ఉంటుంది. బండి కదిలిందంటే ఎదురుగాలి దాన్ని ఊడ్చేస్తుంది. ఒళ్ళు మళ్ళీ వేడి చేస్తుంది, గాలి మళ్ళీ ఊడ్చేస్తుంది. వేడి అన్నం మీద విసనకర్రతో విసిరితే ఏమవుతుందో మీకు అదే అవుతోంది.

దీన్ని లెక్కగట్టే సూత్రం ఒకటి ఉంది. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్నాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకి 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఏ కప్పూ లేని చర్మానికి అది 6 డిగ్రీలున్నట్టు ఉంటుంది. 60కి 5, 80కి 4. అదే బయట 5 డిగ్రీలుంటే 40 వేగానికే సున్నా కంటే ఒక డిగ్రీ కిందకి, 60కి రెండు డిగ్రీలు కిందకి పోతుంది. ఇవి అంచనాలే, బండి మీద కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

ఈ అంకెల్లో ఒక తమాషా చూడండి. దెబ్బలో పెద్ద భాగం మొదటి 40 కిలోమీటర్ల వేగంలోనే తగిలేసింది. 80 నుంచి 60కి తగ్గితే కలిసొచ్చేది ఒక్క డిగ్రీ. ‘మెల్లగా పోతే చలి వేయదులే’ అనేవాళ్ళకి ఇదే నా జవాబు. మెల్లగా పోవడం మలుపుల్లో ప్రాణానికి మంచిది, చలికి మాత్రం మందు కాదు. గాలిని అడ్డుకోవడమే మందు.

స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటే సరిపోదా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు స్వెట్టర్లు, అందులో ఒకటి అమ్మ అల్లిన నారింజ రంగు ఊలుది, ఇంట్లో వేసుకుంటే చెమటలు పట్టేది. డౌనూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక నాలుగు మలుపులకే చొక్కా లేనట్టుంది నా పరిస్థితి. అల్లికకి కన్నాలుంటాయి. ఆ కన్నాల్లో వెచ్చని గాలి నిలబడినంతసేపే ఊలు పని చేస్తుంది. 50 వేగంలో గాలి ఇటు దూరి అటు పోతుంటే ఎన్ని స్వెట్టర్లున్నా జల్లెడ మీద జల్లెడ పెట్టినట్టే.

తరవాతి వారం ఒక్క స్వెట్టర్, దాని మీద వానాకాలం రెయిన్‌కోటు. అంతే. పైదాకా హాయిగా వెళ్ళాను.

కాబట్టి వరస ఇదీ: ఒంటికి అంటుకుని చెమటని పీల్చి బయటికి పంపే పల్చటి బట్ట, దాని మీద గాలిని పట్టి ఉంచే ఊలు లేదా ఫ్లీస్ (మెత్తటి నూగున్న సింథటిక్ బట్ట), అన్నిటికంటే పైన గాలి దూరని పొర. మూడో పొర లేకపోతే మొదటి రెండూ దండగ. పైజాకెట్ మరీ బిగుతుగా ఉన్నా లాభం లేదు, లోపలి ఊలు అణిగిపోయి అందులో గాలి మిగలదు. చెయ్యి చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు నిలబడి చూసుకోండి. మణికట్టు దగ్గర, నడుము వెనక చర్మం కనబడిందంటే గాలి దూరేది అక్కడే.

రైడింగ్ జాకెట్ కొనేంత డబ్బు లేదు. ఏం చేయాలి?

రెండు రోజుల ట్రిప్పుకి కొనక్కర్లేదు. రెయిన్‌కోటు చాలు. అయితే దానికి ఒక లోపం ఉంది, లోపలి చెమట బయటికి పోదు. ఆగిన ప్రతిచోటా జిప్పు తీసి ఐదు నిమిషాలు ఆరనివ్వండి.

అదీ లేకపోతే పాత పద్ధతి ఉంది, దినపత్రిక. తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు చేసే పనే. నాలుగు పేజీలు విడదీయకుండా పొడుగ్గా మడిచి, స్వెట్టర్‌కీ పైచొక్కాకీ మధ్య మెడ కింద నుంచి పొట్ట దాకా పెట్టుకోవాలి. కింది అంచు ప్యాంటులోకి దోపాలి, లేకపోతే రెండు గతుకులకే కిందకి జారిపోతుంది. నలిపి పెడితే ఇంకా మంచిది, మడతల మధ్య గాలి నిలుస్తుంది. కదిలినప్పుడల్లా కరకరమంటుంది, పట్టించుకోకండి. ఆదివారం అనుబంధం వాడకండి, ఆ నున్నటి కాగితం నిలవదు.

లోపల కాటన్ బనియన్ వద్దంటారేంటి? మనకి అలవాటైంది అదే కదా.

ఎండాకాలంలో కాటన్‌ని మించింది లేదు. ఎందుకంటే అది చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, గాలి తగిలితే చల్లబరుస్తుంది. చలిలో వద్దనేదీ సరిగ్గా అందుకే. ఘాట్ మొదట్లో బండి తోస్తూనో, బ్యాగులు కడుతూనో చెమట పడితే ఆ తడి పైదాకా మీ వీపు మీదే ఉంటుంది. జిమ్‌కి వేసుకునే పాలియెస్టర్ టీషర్టు ఉంటే అది వేసుకోండి. థర్మల్స్ (ఒంటికి అంటుకునే చలికాలపు లోదుస్తులు) కొంటే రోజుల తరబడి చల్లటి చోట తిరిగే పని ఉన్నప్పుడు కొనండి. లంబసింగిలో 10 గంటలకల్లా ఎండ వస్తుంది, అప్పుడు థర్మల్స్ విప్పడానికి చోటు వెతుక్కోవాలి.

చేతులు కొంకర్లు పోతాయి. గ్లౌజులు వేసుకున్నా ఆగడం లేదు. ఎందుకు?

ఎక్కువ మంది అడిగేదీ, నేను ఎక్కువసేపు మాట్లాడేదీ దీని గురించే.

ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు, మెదడు ముందు కాపాడుకోవాలని శరీరం చేతులకీ కాళ్ళకీ పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. ఇంట్లో బియ్యం తక్కువైతే ముందు చుట్టాలకి కోత పెట్టినట్టు. అంటే చేతులు చల్లబడటానికి కారణం చాలాసార్లు చేతుల దగ్గర ఉండదు, ఛాతీ దగ్గర ఉంటుంది. ఛాతీ, మెడ వెచ్చగా ఉంచితే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఖరీదైన గ్లౌజులు కొని పల్చటి చొక్కాతో బయల్దేరేవాళ్ళు దీన్ని మర్చిపోతారు.

మిగతా సగం గాలిది. హ్యాండిల్ మీద చెయ్యి గాలికి ఎదురుగా ఉంటుంది, కదలదు, పైగా చల్లటి లివర్‌ని పట్టుకుని ఉంటుంది. రోడ్డు పక్కన అమ్మే ఊలు గ్లౌజుల్లోంచి గాలి దూరిపోతుంది. తోలువి లేదా పైన గాలి దూరని బట్ట ఉన్నవి కావాలి. బిగుతుగా ఉండకూడదు, వేళ్ళకి రక్తం ఆడాలి. పల్చటి ఊలు గ్లౌజు లోపల, కొంచెం పెద్ద సైజు తోలు గ్లౌజు బయట, ఈ జోడీ నాకు ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఏం దొరకనప్పుడు మెడికల్ షాపులో దొరికే రబ్బరు గ్లౌజులు లోపల వేసుకోవచ్చు. గాలి ఆగుతుంది కానీ అరగంటకి చెమటకి తడిసిపోతాయి, ఆగినప్పుడల్లా తీసి తుడుచుకోవాలి.

అన్నిటికంటే బాగా పనిచేసేది హ్యాండిల్‌కి తొడిగే సంచుల్లాంటి కవర్లు. చూడ్డానికి బాగోవు, ఒప్పుకుంటాను. బండికి దిండ్లు కట్టినట్టుంటుంది. కానీ లోపల మామూలు గ్లౌజుతోనే చేతులు వెచ్చగా ఉంటాయి. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే వాటిలో చెయ్యి పెట్టి, తీసి, బ్రేకు పట్టడం పదిసార్లు అలవాటు చేసుకోండి.

చేతులు కొంకర్లు పోవడం ఒట్టి ఇబ్బంది అనుకోవద్దు. నా మొదటి ట్రిప్పులో ఒక మలుపు దగ్గర బస్సు ఎదురొచ్చింది. ముందు బ్రేకు పట్టాలని మెదడు చెప్పింది, వేళ్ళు వినలేదు. లివర్ మీద చెయ్యి ఉంది, అంతే, దాన్ని మడవడం రాలేదు. వెనక బ్రేకుతోనే మట్టిలోకి దిగి ఆగాను. ఆ రోజు నుంచి నా లెక్క ఒకటే: బొటనవేలిని చిటికెన వేలికి ఆనించలేకపోతే ఆ క్షణమే బండి పక్కన పెట్టాలి.

సైలెన్సర్ మీద చేతులు పెట్టి కాచుకోవచ్చా?

వద్దు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు. బొబ్బ లేచాకే తెలుస్తుంది. గ్లౌజు కరిగి అంటుకుంటే ఇంకో బాధ. గ్లౌజులు తీసి చేతులు చంకల్లో పెట్టుకుని రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడవండి. లేదా చేతులు గుండ్రంగా, బావిలో నీళ్ళు తోడే గిలకలా తిప్పండి. రక్తం వేళ్ళ చివరిదాకా వస్తుంది. తిరిగి వేడెక్కేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది, అది మామూలే. వేళ్ళు ప్రతిసారీ తెల్లగా పాలిపోయి, తరవాత నీలంగా మారుతుంటే మాత్రం డాక్టరుకి చూపించండి. కొందరికి చలికి రక్తనాళాలు మరీ ముడుచుకుపోయే సమస్య ఉంటుంది, వాళ్ళకి ఈ సలహాలు సరిపోవు.

మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవచ్చా?

మందపాటి ఊలు మంకీ క్యాప్ మీద పెడితే హెల్మెట్ తలకి పట్టదు. పట్టినట్టనిపించినా కింద పడ్డప్పుడు ఊలు నలిగి హెల్మెట్ తిరుగుతుంది. పైగా చెవులు రెండు పొరల కింద ఉంటే వెనక లారీ హారన్ వినబడదు. పల్చటి బట్టతో చేసిన, కళ్ళు మాత్రమే కనబడే ముసుగు దొరుకుతుంది, బాలాక్లావా అని అడిగితే ఇస్తారు. అది లోపల వేసుకుంటే హెల్మెట్ సైజు మారదు. మంకీ క్యాప్ పెట్టుకుని హెల్మెట్ మానేయడమనే మూడో పద్ధతి కూడా మా ఘాట్‌లో చూస్తుంటాను, దాని గురించి ఏం చెప్పను.

తల కన్నా మెడ ముఖ్యం. జాకెట్ కాలరుకీ హెల్మెట్‌కీ మధ్య ఉన్న రెండు అంగుళాల్లోంచి దూరే గాలి నేరుగా ఛాతీలోకి పోతుంది. గొట్టంలా తలమీంచి తొడుక్కునే మెడపట్టీ ఉంటే బాగుంటుంది.

శాలువా కప్పుకుంటే?

కప్పుకుని గదిలో కూర్చోండి. బండి మీద వద్దు. మఫ్లర్, చున్నీ, శాలువా, దుప్పటి, కొస వేలాడేది ఏదైనా వెనక చక్రంలోనో చైన్‌లోనో పడితే మెడని లాగేస్తుంది. తప్పదనుకుంటే మఫ్లర్ కొసలు రెండూ జాకెట్ లోపలికి దోపి, పైదాకా జిప్పు వేయండి. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీర కొంగు, చున్నీ ఎక్కడున్నాయో బండి కదిలే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. వాళ్ళు చూసుకుంటారులే అనుకోవద్దు.

హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టి ఏమీ కనబడదు. ఎలా?

మీ ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. అద్దం చల్లగా ఉంటుంది. చన్నీళ్ళ గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్టే అద్దం లోపలి వైపు పడుతుంది. ఊపిరి అద్దం వైపు పోకుండా చూడాలి. ముక్కు మీద కట్టిన గుడ్డ పైఅంచు ముక్కు ఎముక దగ్గర బిగుతుగా ఉంటే ఊపిరి కిందకి పోతుంది. అద్దాన్ని వేలెడు సందు తెరిచి ఉంచితే లోపలి తడి పోతుంది. ముందు రోజు రాత్రి ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్‌ని లోపలి వైపు రాసి, మెత్తటి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిస్తే కొన్ని గంటలు ఆవిరి నిలవదు. డబ్బు పెట్టగలిగితే పిన్‌లాక్ అనే రెండో పొర ఉన్న అద్దం తీసుకోండి, అన్నిటికంటే నమ్మకమైనది అదే. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కష్టం రెండింతలు, జోడుకీ అదే లిక్విడ్ వైద్యం.

నల్లటి అద్దం ఉన్న హెల్మెట్‌తో తెల్లవారుజామున రావద్దు.

కాళ్ళకి ఏం వేసుకోవాలి?

చెప్పులు కాకుండా ఏదైనా. మేజోళ్ళు రెండు జతలు వేసి బూటులో కాలు ఇరికిస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒక మందపాటి జత, వేళ్ళు కదిలేంత చోటు. స్పోర్ట్స్ షూకి పైన వలలా ఉంటుంది, గాలి దూరుతుంది, అప్పుడు మేజోడు మీద పాలిథిన్ కవరు తొడిగి షూ వేసుకోండి. మోకాళ్ళని అందరూ మర్చిపోతారు. గాలి మొదట తగిలేది వాటికే. జీన్స్ గాలిని ఆపదు, దాని మీద రెయిన్‌కోటు ప్యాంటు వేసుకుంటే సరి.

వెనక కూర్చున్నవాళ్ళకి చలి తక్కువేగా?

ఛాతీకి తక్కువ, ఎందుకంటే మీరు అడ్డంగా ఉన్నారు. మోకాళ్ళకీ చేతులకీ తేడా ఏమీ ఉండదు. పైగా వాళ్ళు కదలకుండా కూర్చుంటారు, క్లచ్చు, గేరు అంటూ చేసే పనేమీ ఉండదు, నిద్ర కూడా వస్తుంది. చలిలో ఊరికే నిద్రొస్తోందంటే మంచిది కాదు. పది నిమిషాలకోసారి పలకరించండి.

పిల్లల్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే అలవాటు చలికాలంలో మరీ తప్పు. గాలికి అడ్డంగా ఉండేది ఆ పసివాడే. పెద్దవాళ్ళ కంటే చిన్న ఒళ్ళు తొందరగా వేడి పోగొట్టుకుంటుంది, ‘నాకు చలేస్తోంది’ అని సరిగ్గా చెప్పలేరు కూడా. 4 ఏళ్ళలోపు పిల్లలు బండి మీద ఉంటే వేగం 40 దాటకూడదని, బెల్టు, హెల్మెట్ ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లోనే ఉంది. నన్నడిగితే చిన్నపిల్లలతో లంబసింగి బస్సులోనో కారులోనో వెళ్ళాలి.

ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందంటారు?

వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. మందు చర్మం దగ్గరి రక్తనాళాల్ని తెరుస్తుంది, లోపలి వేడి రక్తం పైకొస్తుంది, ముఖం వెచ్చబడుతుంది. అదే వేడిని గాలి ఎత్తుకుపోతుంది, లోపల ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది. ఇంటి తలుపులు తీసి వీధిని వేడి చేసినట్టు. ఇక 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం చట్టప్రకారం నేరం. ఘాట్‌లో మలుపులకి చట్టంతో కూడా పని లేదు.

టీ తాగితే?

తాగండి. వేడి గ్లాసు పట్టుకుంటే చేతులకి మంచిది, చక్కెర ఒంటికి మంచిది, బండి దిగి పది నిమిషాలు గాలికి దూరంగా ఉన్నారు కాబట్టి అన్నిటికంటే అది మంచిది. ఖాళీ కడుపుతో మాత్రం బయల్దేరకండి. ఒళ్ళు వేడి పుట్టించుకోవాలంటే తిండి కావాలి. రెండు అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు జేబులో ఉంటే చాలు. చలికి దాహం తెలియదు, ఒంటేలు మాత్రం ఎక్కువగా వస్తుంది, కాబట్టి నీళ్ళు కూడా గుర్తుపెట్టుకుని తాగాలి.

మామూలు వణుకా, ప్రమాదమా? ఎలా తెలుస్తుంది?

పళ్ళు టకటకలాడటం, ఒళ్ళు వణకడం మంచి గుర్తే. ఒళ్ళు ఇంకా పోరాడుతోందని అర్థం. భయపడాల్సింది దాని తరవాత. మాట ముద్దగా రావడం, తాళం చెవి జేబులోంచి తీయలేకపోవడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పడం, వణుకుతున్నవాడు వేడెక్కకుండానే వణకడం మానేయడం. ఒంటి లోపలి వేడి 37 నుంచి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ఆ స్థితిలో ఉన్నవాడికి తన పరిస్థితి తెలియదు, ‘నాకేం కాలేదు, పదండి’ అంటాడు. నమ్మకండి.

గాలి లేని చోటికి తీసుకెళ్ళి, తడి బట్టలు విప్పి, పొడివి వేసి దుప్పట్లు చుట్టండి. పక్కన మనిషి ఆనుకుని కూర్చుంటే మంచిది. తెలివిలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకండి, మద్యం తాగించకండి. మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేయండి. ఘాట్‌లో కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, అలాంటప్పుడు దాటిపోయే బస్సునో జీపునో ఆపడమే దారి.

ఉబ్బసం, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు చల్లగాలి నేరుగా పీల్చకుండా ముక్కు మీద గుడ్డ కట్టుకోవాలి. అసలు ఈ ప్రయాణం పెట్టుకోవచ్చో లేదో ముందే డాక్టర్ని అడగాలి.

చలిమంట దగ్గర కూర్చుంటే ఏమైనా ఇబ్బందా?

లంబసింగి వెళ్ళేదే అందుకు కదా! కూర్చోండి, కాకపోతే జాకెట్ చూసుకోండి. నైలాన్, పాలియెస్టర్ బట్ట మీద ఒక్క నిప్పురవ్వ పడితే చిల్లు. నా రెయిన్‌కోటు కుడి భుజం మీద శనగగింజంత కన్నం ఇప్పటికీ ఉంది, దానికి సైకిల్ ట్యూబ్ పంచరు ముక్క అతికించుకున్నాను.

గదిలోకో టెంటులోకో నిప్పుల కుంపటి తీసుకెళ్ళి తలుపులు మూసుకుని పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగుండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికాలంలో ఇలాంటి వార్త పేపర్లో రాని ఏడాది నాకు గుర్తులేదు. రెండు దుప్పట్లు ఎక్కువ అడగండి, చాలు.

పొద్దున్నే బండి స్టార్ట్ అవదు. టైర్ల సంగతి?

చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. పాత కార్బురేటర్ బండికి చోక్ లాగి కిక్ కొట్టాలి, స్టార్ట్ అయ్యాక నిమిషం ఆగి చోక్ మూసేయాలి. కొత్త ఇంజెక్షన్ బళ్ళకి ఆ బాధ లేదు కానీ కిక్ లేని బండి బ్యాటరీ ముసలిదైతే వచ్చే ముందే మార్పించండి.

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. విశాఖలో మధ్యాహ్నం వేడి టైరుకి కొట్టించిన గాలి లంబసింగి పొద్దునకి మూడు నాలుగు తక్కువ చూపిస్తుంది. చల్లటి టైరు రోడ్డుని గట్టిగా పట్టదు, చెట్ల నీడలో రోడ్డు మీద మంచు తడి ఉంటుంది, ఎండుటాకులు ఉంటాయి. మొదటి ఐదు కిలోమీటర్లు బండిని వంచకండి.

పొగమంచులో హై బీమ్ వేయాలా?

వద్దు. వెలుతురు పొగమంచు మీద పడి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్లగోడ కట్టినట్టుంటుంది. లో బీమ్ పెట్టి, రోడ్డు ఎడమ అంచు చూస్తూ, కనబడే దూరంలో ఆగగలిగినంత వేగంతోనే పోవాలి. నాలుగు అడుగులు కూడా కనబడకపోతే రోడ్డు మీద కాదు, రోడ్డు దిగి ఆగండి.

వేడెక్కే గ్రిప్‌లు, కరెంటు జాకెట్లు కొనొచ్చా?

లద్దాఖ్ వెళ్ళే ఆలోచన ఉంటే కొనండి. గ్రిప్‌లు 30, 40 వాట్లు లాగుతాయి. మన బళ్ళలో హాలోజన్ హెడ్‌లైట్ బల్బే 35 వాట్లు, అంటే ఇంకో హెడ్‌లైట్ తగిలించినట్టు. 100, 125 సీసీ బండికి అది బరువే, బ్యాటరీ దిగిపోతుంది. పెద్ద బండైతే కంపెనీ మాన్యువల్ చూసి, తెలిసిన మెకానిక్‌తో ఫ్యూజు పెట్టించి బిగించుకోండి. ఏడాదికి ఒక లంబసింగి ట్రిప్పుకైతే దండగ ఖర్చు.

హైదరాబాద్‌లో రోజూ తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తాను. ఇవన్నీ నాకూ కావాలా?

అన్నీ అక్కర్లేదు. గాలి దూరని పైకోటు ఒకటి, తోలు గ్లౌజులు, మెడపట్టీ, ఈ మూడు చాలు. పేపరు, పాలు వేసేవాళ్ళూ, పార్సిళ్ళు చేరవేసేవాళ్ళూ మాటిమాటికీ బండి దిగి మెట్లెక్కుతారు, ఎక్కినప్పుడు చెమట, మళ్ళీ బండెక్కితే ఆ చెమట మీద గాలి. వాళ్ళకి మందపాటి కోటు కంటే ముందు జిప్పు తేలిగ్గా తెరుచుకునే పల్చటిది మేలు. దిగగానే తెరవాలి, ఎక్కగానే మూయాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్ళకి మాత్రం లంబసింగి సరంజామా అంతా కావాల్సిందే. అక్కడి వాళ్ళు గట్టి చలిని ‘ఇగం’ అనేది ఊరికే కాదు, అక్కడా చలికాలంలో ఉష్ణోగ్రత ఒక అంకెకి పడిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎండ వచ్చేస్తుంది. ఇవన్నీ విప్పి ఎక్కడ పెట్టాలి?

ఎండ వచ్చిందని పైన లంబసింగిలోనే అన్నీ విప్పేయకండి. ఘాట్ దిగేదాకా చెట్ల నీడే ఎక్కువ, దిగుడులో ఇంజన్‌కి పెద్దగా పని ఉండదు కాబట్టి దాని వేడి కూడా కాళ్ళకి తగలదు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు చలేసిందని చాలామంది చెప్పేది అందుకే. కింద చదును రోడ్డు తగిలాక ఆగి విప్పండి. నడుముకి కట్టుకోవద్దు, అద్దానికి తగిలించవద్దు, చక్రంలో పడతాయి. ఒక ఖాళీ బ్యాగు ముందే తెచ్చుకుంటే స్వెట్టర్లు, రెయిన్‌కోటు అన్నీ అడుగున కుక్కేయొచ్చు. దారిలో కొన్న స్ట్రాబెర్రీ డబ్బాలు మాత్రం అన్నిటికంటే పైన పెట్టండి. మా మేనల్లుడు వాటిని అడుగున పెట్టాడు. ఆ స్వెట్టర్ మూడుసార్లు ఉతికినా ఇంకా గులాబీ రంగులోనే ఉంది.